పాత పందెపు కారులలో విద్యుత్ సంస్కరణము

చెన్నపట్టణమునకు చేరువనున్న షోలవరమున, యుద్ధకాలపు విమానపథముపై 1950వ దశకము నుండి మోటారు పందెములు జరిగినవి. నాటి బ్రిటిషు కారులలో పెక్కింట డైనమో ఉండెడిది. బ్యాటరీ ధనధ్రువము చట్రమునకు కలిసియుండెడిది. నిలిచినచోటినుండి సూటిగా పరుగిడు డ్రాగ్ పందెమునకు అట్టి కారును సిద్ధపరచునపుడు విద్యుత్ వ్యవస్థను మార్చవలసివచ్చును. ఇంజను మెల్లగా తిరుగునపుడు డైనమో చాలినంత విద్యుత్తు నీయదు. వరుసలో వేచియున్న కారున పెట్రోలు పంపు, ఫ్యాను బ్యాటరీనే హరించును. ఆల్టర్నేటరు ఈ లోపమును తీర్చును.

దానిని బిగించుటకు ముందు ఋణధ్రువమును చట్రమునకు మార్చవలెను. లేనిచో అందలి డయోడులు మాడిపోవును. బ్యాటరీని వెనుకకు జరిపినచో వెనుక చక్రములకు పట్టు హెచ్చును. కాని తీగ నిడివి పెరుగుటచే లావుతీగ వలయును.

అన్నిటికంటె ముఖ్యమైనది ప్రధాన స్విచ్చి. అది బ్యాటరీని మాత్రమే వేరుచేసినచో, తిరుగుచున్న ఆల్టర్నేటరు ఇంజనునకు విద్యుత్తు నిచ్చుచునే యుండవచ్చును. ప్రమాదవేళ ఇంజను ఆగకపోవచ్చును. కావున రెండింటిని ఒక్కసారిగా త్రెంచునట్లు స్విచ్చిని అమర్చవలెను.