కొండ మీది కర్రపుల్ల కబురు

అమెరికాలో కరెంటు కోత! నమ్ముతారా? నేనూ మొదట నమ్మలేదు. మా మార్కాపురంలో కరెంటు పోతే విసనకర్ర పుచ్చుకుని అరుగు మీదికి చేరడం అలవాటైన ప్రాణం నాది. చీకటికి భయం లేదు. కానీ ఫ్రిజ్‌లో రెండు గిన్నెల ఇడ్లీ పిండి, నాలుగు నెలల మనవడి కోసం మా అమ్మాయి తీసి దాచిన పాల సీసాలు ఉన్నాయి. అవన్నీ పాడైపోతాయంటే మనసు చివుక్కుమంది.

ఇది 2019 అక్టోబరు నాటి మాట. పురిటికి సాయంగా వెళ్లి ఆరు నెలలు ఉన్నాను. అమ్మాయి వాళ్లిల్లు కాలిఫోర్నియాలో, సియెర్రా నెవాడా కొండల అంచున, పైన్ చెట్ల మధ్య. చూడ్డానికి ఎంత బావుంటుందో చెప్పలేను.

"కంపెనీ వాళ్లే కావాలని తీసేశారమ్మా. రాత్రికి పెద్ద గాలట" అంది అమ్మాయి.

గాలొస్తే కరెంటు తీసేయడమేమిటి, మనమేమన్నా పూరిపాకలో ఉన్నామా అని సణిగాను. అప్పుడు చెప్పింది పారడైజ్ ఊరి సంగతి. పేరుకు తగ్గట్టే స్వర్గంలా ఉండేదట. అంతకు ముందు ఏడాది, 2018 నవంబరు 8 తెల్లవారుజామున, ఆ దగ్గర్లోని జార్బో గ్యాప్ అనే కనుమలో గంటకు 52 మైళ్ల ఈదురుగాలి వీచింది. అంటే దాదాపు 84 కిలోమీటర్లు. పొద్దున్న ఆరున్నర ప్రాంతంలో, ఆ కొండల్లోని హైటెన్షన్ టవరు మీద అరిగిపోయిన ఇనుప కొక్కెం ఒకటి తెగి నిప్పు రాజుకుంది. మధ్యాహ్నానికల్లా ఊరు చాలావరకు బూడిద. 85 మంది పోయారు. ఎక్కువమంది ముసలివాళ్లే. 18 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి.

ఇడ్లీ పిండి గురించి ఇంక మాట్లాడలేదు నేను.

ఆ కనుమలో గాలి 52 మైళ్లని ఎవరు కొలిచారు? అంత పొద్దున్నే అక్కడ మనిషెవరుంటారు? ఈ ప్రశ్నకు జవాబు నేను అంతకు నెల ముందే కళ్లారా చూశాను, అప్పుడు దాని విలువ తెలియలేదంతే. పక్కింట్లో ఒక పెద్దావిడ ఉండేవారు. డెబ్బై దాటిన మనిషి, ఒంటరిగా ఉంటారు. అటవీ శాఖలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఒక ఆదివారం మమ్మల్ని కారులో కొండ మీదికి తీసుకెళ్లి, కంచె లోపల నిలబెట్టిన ఓ సన్నటి స్తంభం చూపించారు. చిట్టచివర, ఇరవై అడుగుల ఎత్తున గాలిని కొలిచే గిన్నెలు గిరగిరా తిరుగుతున్నాయి. కింద వేడిని, గాలిలో తేమను, వానను కొలిచే పరికరాలు. పక్కన సోలార్ పలక, బ్యాటరీ. మనిషన్నవాడు ఉండడు. గంటకోసారి తన లెక్కలన్నీ తనే, సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహానికి పంపేస్తుంది. అక్కడి నుంచి ఆ లెక్కలు అడవి మంటల ప్రమాదం ఎంతో అంచనా కట్టేవాళ్లకు చేరతాయి. 1970ల చివర్లో మొదలుపెట్టారట, ఇప్పుడు అమెరికా అంతా కలిపి ఇలాంటివి రెండు వేలకు పైనే ఉన్నాయి.

ఇవన్నీ సరే, నన్ను ఆకట్టుకుంది మాత్రం అక్కడ అడ్డంగా అమర్చిన ఓ కర్రపుల్ల. "ఇదెందుకు?" అంటే ఆవిడ నవ్వి, అసలు సంగతంతా దీన్లోనే ఉందన్నారు. పైన్ కర్ర, అరంగుళం మందం. అడవిలో రాలిపడిన సన్నటి పుల్లల్లో ఎంత తేమ మిగిలిందో అది చెబుతుంది. పూర్వం మనుషులే వెళ్లి తూకం వేసేవారట. పూర్తిగా ఎండినప్పుడు సరిగ్గా 100 గ్రాములు తూగేలా పుల్లలు తయారుచేసి బయట పెట్టేవారు. 108 గ్రాములు తూగితే తేమ 8 శాతం అన్నమాట. ఇప్పుడు కర్రలోనే సెన్సరు ఉంటుంది.

నాకు మా అమ్మ గుర్తొచ్చింది. డాబా మీద వడియాలు ఎండాయో లేదో గుప్పిట్లోకి తీసుకుని గలగలలాడించి చెప్పేది. ఇదీ అంతేగా! పైగా సన్నపుల్ల కొన్ని గంటల్లోనే ఎండితే, లావు దుంగకు వారాలు పడుతుందట. వంటచెరుకు ఎండబెట్టిన ఏ ఆడదాన్నడిగినా ఈ మాటే చెబుతుంది. అక్కడ దానికి వేరువేరుగా లెక్కలు కట్టి, అడవి మొదట్లో టోపీ పెట్టుకున్న ఎలుగుబంటి బోర్డు మీద ఈరోజు ప్రమాదం ఎంతో ముల్లు తిప్పి చూపిస్తారు. ఆవేళ ముల్లు ఎరుపు మీద ఉంది. అక్కడ మే నుంచి అక్టోబరు దాకా దాదాపు చినుకు ఉండదు మరి. మన నల్లమలలో వేసవి రాత్రుళ్లు కొండల మీద నిప్పు గీతలు పాకడం చిన్నప్పుడు దూరం నుంచి చూసి సంబరపడేవాళ్లం. ఎంత తెలివితక్కువతనమో!

సరే, ఆ రాత్రికొద్దాం. పదింటికి గాలి మొదలైంది. అమ్మాయి ఫోనులో ఆ కొండ మీది లెక్కలే చూస్తోంది. తేమ 14... తర్వాత గంటకు 11. గాలి విసురు 40 మైళ్లు దాటింది. అల్లుడుగారు నెమ్మదస్తులు. "ఖాళీ చెయ్యమని కబురొస్తే బయల్దేరదాం అత్తయ్యగారూ, ఊరికే కంగారెందుకు?" అన్నారు. అదీ సబబే అనిపించింది. పన్నెండున్నరకు ఫోనులో సిగ్నలు పోయింది. కరెంటు లేక సెల్ టవర్లు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయట.

"పారడైజ్‌లో చాలామందికి కబురే అందలేదండీ" అంది అమ్మాయి ఆయనతో, గొంతు పెంచకుండా.

కొండ మీది స్తంభానికేం, సోలారు మీద బతికేస్తుంది, పైకి చెప్పాల్సింది చెబుతూనే ఉంటుంది. అది చెప్పింది మా ఇంటికి చేరాలి కదా! పది నిమిషాల్లో బయటపడ్డాం. పాస్‌పోర్టులు, నా బీపీ మాత్రలు, మావారి ఫొటో, పిల్లాడి గుడ్డలు. పక్కింటావిడ తలుపు కొడితే, పెట్టె సర్దుకుని బూట్లతో సహా కూర్చుని ఉన్నారు. ఆవిడ కారు డ్రైవింగు రాత్రిపూట మానేసి రెండేళ్లయిందట, ఆ సంగతి మాకెవరికీ తెలియదు. మేం వెళ్లకపోతే ఎవరినీ అడిగేవారు కారేమో, అంత అభిమానం. శాక్రమెంటోలో అమ్మాయి స్నేహితురాలి ఇంటికి చేరేసరికి రెండున్నర.

మంట రాలేదు. మూడోరోజు వెనక్కొచ్చి పాలు, పిండి పారబోశాం. "చూశారా, ఊరికే శ్రమ" అన్నారు అల్లుడుగారు. పక్కింటావిడకు ఇంగ్లీషులో ఆ మాట ఎవరూ చెప్పలేదు, మంచిదే అయింది.

ఆ ఇల్లమ్మి ఊళ్లోకి వచ్చేయమని ఇప్పటికీ పోరుతూనే ఉన్నాను, అమ్మాయి వినదు. అందుకని ఏటా వేసవి ముదిరాక ఫోను చేసినప్పుడల్లా "పిల్లాడేం తిన్నాడు?" అన్న తర్వాత నా రెండో ప్రశ్న ఒకటే. "కర్రపుల్ల ఎంత చెబుతోందే?"

నిన్న ఆరంది.