అంచె పందెం

అచ్చంపేట నుంచి ఎటు బయలుదేరినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. మాకున్న నీళ్లల్లా బావులు, చెరువులు, చంద్రవాగు, ఇంకాస్త ముందుకు పోతే డిండి జలాశయం. అటువంటి ఊళ్లో తెలుగు పాఠం చెప్పుకునే నేను, నలభై ఆరో ఏట, మధుమేహమనే చుట్టాన్ని వెంటబెట్టుకుని, గోవా సముద్రపుటొడ్డున తెల్లవారుజామున నిలబడి వణుకుతానని ఎవరైనా జోస్యం చెప్పి ఉంటే దక్షిణ ఇవ్వకుండా పంపేసేవాణ్ని.

వణికింది చలికి కాదు. నేను ఈదబోవడమూ లేదు. ఈదబోయేది నా చిన్ననాటి స్నేహితుడు. అసలు సంగతి చెప్పాలంటే అతని దగ్గర మొదలుపెట్టాలి గాని, పాఠకులకు ముందు పందెం ఏమిటో తెలియాలి గదా.

ట్రయథ్లాన్ అని ఒక పందెం ఉన్నది. ఈత, సైకిలు, పరుగు, ఈ మూడూ ఊపిరి తిప్పుకోకుండా ఒకదాని వెంట ఒకటి చేయాలి. 1974లో అమెరికాలోని శాండియాగోలో ఇది మొదలైంది. నాలుగేళ్లకు, 1978 ఫిబ్రవరిలో, హవాయి దీవుల్లో జాన్ కాలిన్స్ అనే నౌకాదళ అధికారి మరీ విపరీతమైన పందెం ఒకటి పెట్టాడు. ఈతగాడు గట్టివాడా, సైకిలు తొక్కేవాడు గట్టివాడా, పరుగెత్తేవాడు గట్టివాడా అన్న వాదన ముదిరి అక్కడికి వచ్చింది. సుమారు 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిలు, ఆపైన 42 కిలోమీటర్ల పరుగు. పదిహేనుగురు బయలుదేరితే పన్నెండుగురు పూర్తి చేశారు. దానికి ఐరన్‌మ్యాన్ అని పేరు. అందులో సరిగ్గా సగం దూరానికి 70.3 అని పేరు, అది మైళ్ల లెక్క. మన లెక్కలో 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిలు, 21.1 కిలోమీటర్ల పరుగు. 2019 నుంచి మధ్యలో కరోనా రోజులు మినహాయించి గోవాలో ఈ సగం పందెం జరుగుతున్నది. మూడూ చేయలేని మావంటి వారి కోసం అందులో ఒక వెసులుబాటు ఉన్నది. ముగ్గురు జట్టుకట్టి తలా ఒక పని పంచుకోవచ్చు. ఆంగ్లంలో రిలే అంటారు.

ఇక్కడ తెలుగు మేస్టరు నోరు మూసుకోలేడు. రిలేకు మనకు చక్కని మాట ఉన్నది: అంచె. పూర్వం టపా మోసేవాడు ఒక మజిలీ దాకా పరుగెత్తి, అక్కడ కాచుకున్న మరొకడికి సంచీ అందించేవాడు. ఆ ఏర్పాటే అంచె. అంచెలంచెలుగా పైకి వచ్చాడని రోజూ అంటాం గాని, అందులో ఒకడి రొప్పు, మరొకడి ఎదురుచూపు ఉన్నాయని మరచిపోయాం.

మా జట్టులో సైకిలు మా బ్యాంకు మిత్రునిది. గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. వచ్చిన కొత్తలో "ఏమండీ, మీ ఊళ్లో సాయంత్రాలు ఏం చేస్తారండీ?" అని దిగులుగా అడిగేవాడు. తరువాత సైకిలు కొని హాజీపూరు దారి పట్టాడు. అక్కడి నుంచి శ్రీశైలం రోడ్డు మన్ననూరు ఘాటు ఎక్కుతుంది. పులుల అడవి గనుక మన్ననూరు గేటు రాత్రి తొమ్మిదికి మూస్తారు, పొద్దున ఆరుకు తీస్తారు. ఈయన ఆరు కాకముందే గేటు దగ్గర నిలబడితే కావలివాళ్లు మొదట అనుమానించారట, తరువాత టీ పోయించారట. గోవా సంగతి పత్రికలో చదివి నా ఇంటికి తెచ్చినవాడు ఈయనే.

"లెక్చరరు గారూ, సైకిలు నాదండి, పరుగు మీదండి. ఈతకి మనిషి కావాలి."

పరుగు నాదెందుకయిందంటే, అంతకు రెండేళ్ల ముందు మా డాక్టరు రక్తపరీక్ష కాగితం నా ముందు పెట్టి ఏమీ అనకుండా నా పొట్ట వంక చూశాడు. అది మొదలు కాలేజీ మైదానంలో నడక, నడక కాస్తా పరుగు. ఆదివారాలు రంగాపురం మీదుగా ఉమామహేశ్వరం కొండ దాకా పోయి, శ్రీశైలానికి ఉత్తర ద్వారమైన ఆ క్షేత్రంలో దణ్ణం పెట్టుకుని, వచ్చేటప్పుడు బస్సెక్కేవాణ్ని. ఏటా చైత్ర పున్నమికి సలేశ్వరం జాతరలో అడవి లోయలోకి దిగి ఎక్కిన కాళ్లే గదా అని ధైర్యం.

ఈతకు మనిషి ఎవరో నాకు తెలుసు. అడగడానికే నోరు రాలేదు.

అతను, నేను నాలుగో తరగతి నుంచి ఒక బెంచీ. వాళ్ల నాన్న వీపుకు బెండ్లు కట్టి మోటబావిలోకి తోసి మా ఇద్దరికీ ఈత నేర్పబోయాడు. అతను చేపయ్యాడు, నేను గట్టు పట్టుకుని ఏడ్చి ఇంటికి పోయాను. తరువాత నేను పుస్తకాలు పట్టాను, అతను వేరుశనగ సాగు పట్టాడు. మా వైపు అటువంటివాణ్ని గజఈతగాడంటారు. ఆ బిరుదు వెనుక ఉన్న పని మీలో చాలామందికి తెలియకపోవచ్చు. బావిలోనో చెరువులోనో ఎవరైనా మునిగారంటే మొదట వెళ్లే కబురు గజఈతగాడికే. కబురు చేరేసరికి ఎలాగూ ఆలస్యమై ఉంటుంది. అతను దిగేది బతికించడానికి కాదు, తీయడానికి. ఇరవై ఏళ్లలో ఎంతమందిని తీశాడో నేనెన్నడూ అడగలేదు.

2021లో మా కాలేజీ పిల్లవాడొకడు స్నేహితులతో చెరువుకు పోయి లోతు తెలియక దిగాడు. ఇంటరు మొదటి సంవత్సరం, నా తరగతిలో మూడో వరుస. ఆ సాయంత్రం గట్టు మీద నిలబడి నా స్నేహితుడికి ఫోను చేసింది నేనే. వచ్చాడు, దిగాడు, మూడో మునకలో తెచ్చాడు. పిల్లవాణ్ని తల్లి ఒళ్లో పెట్టి, తడిబట్టలతోనే మాతో ఒక్క మాటయినా ఆడకుండా నడిచి వెళ్లిపోయాడు. మళ్లీ నీళ్లలో దిగలేదు. సొంత బావిలో మోటారు చెడితే దింపడానికి కూలి మనిషిని పిలిచేవాడు. ఫోను చేసింది నేను గనుక ఆ బరువులో నాకూ పాలున్నదని అనుకునేవాణ్ని. అతని ఇంటికి రాకపోకలు కూడా తగ్గించేశాను.

అటువంటివాణ్ని ఈతపందానికి రమ్మని అడగడం ఎట్లా? మా ఆవిడే తోసింది. "అడిగితే కాదంటారు, అంతే గదా! అడగకుండా మూడేళ్లు తిరిగారు, అది బాగుందా?" అన్నది.

వెళ్లి చెప్పాను. వింటూ పల్లీలు ఒలిచి నా చేతిలో పోశాడే గాని మాట్లాడలేదు. నాలుగోనాటి రాత్రి ఫోను.

"ఏమిరా, గా సముద్రంల మునిగితె తీసేదెవరు?"

"వాళ్ల పడవలుంటయి. కాపలా మనుషులుంటరు. నీ పని ఈదుడే."

"మరి నన్నెవ్వరు పిలువరు గద?"

"పిలువరు."

"అయితె వస్త" అని ఫోను పెట్టేశాడు.

తరువాతి నెలలు తమాషాగా గడిచాయి. అతని బావి ఈ గట్టు నుంచి ఆ గట్టుకు 12 గజాలు. 1.9 కిలోమీటర్లు పూర్తి కావాలంటే 170 సార్లకు పైగా తిరగాలి. గట్టు మీద కూర్చుని చింతగింజలతో లెక్కపెట్టడం నా వంతు. మొదటి రోజు పది నిమిషాలు మెట్ల మీద మోకాళ్ల లోతున నిలబడ్డాడు, అంతే. రెండో రోజూ అంతే. మూడో రోజు నేను చూస్తుండగానే చప్పుడు లేకుండా జారిపోయి అవతల తేలాడు. ఆ పూట గింజలు లెక్కపెట్టడం మరచిపోయాను.

పల్లెటూరి ఈతలో తల పైకే ఉంటుంది. ఒంటికి శ్రమ, వేగం తక్కువ. ముఖం నీళ్లలో పెట్టి, పక్కకు తిరిగి ఊపిరి తీసే పద్ధతి కోసం కొన్ని ఆదివారాలు హైదరాబాదులో ఒక ఈతకొలనుకు పోయాం. అక్కడ పదేళ్ల పిల్లలు మావాణ్ని చూసి నవ్వారు. వాడూ నవ్వాడు. హైదరాబాదుకే చెందిన గోలి శ్యామల గారు నీళ్లంటే భయం పోగొట్టుకోవడానికి నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021 మార్చిలో శ్రీలంక నుంచి రామేశ్వరం వైపు పాక్ జలసంధి 30 కిలోమీటర్లు పదమూడు గంటలకు పైగా ఈదారని నేను చెబితే, "ఆడామె అంత ఈదంగ, నాకు రెండు కిలోమీటర్లకేమి రోగం" అన్నాడు. అప్పటి నుంచి కొలనుకు అతనే తొందరపెట్టేవాడు.

2024 అక్టోబరు 27, ఆదివారం పందెం. దీపావళికి నాలుగు రోజుల ముందు. సైకిలును కారు నెత్తిన కట్టి, జొన్నరొట్టెలు, పల్లీల పొడి మూటగట్టి, రాయచూరు, హుబ్బళ్లి మీదుగా చేరాం. పణజిలో మిరమార్ బీచి. మావాడు సముద్రాన్ని చూడడం అదే మొదలు. చాలాసేపు చూసి, "దీనికి అవతలి గట్టు లేదేందిరా" అన్నాడు.

పందెంలో కాలం కొలిచేందుకు కాలిమడమకు ఒక చిన్న పట్టీ కడతారు. పూర్వపు టపాసంచీ అదే అనుకోండి. ఈతగాడు ఒడ్డుకొచ్చి, సైకిళ్లు నిలిపిన చోటికి పరుగెత్తుకొచ్చి, ఆ పట్టీ విప్పి రెండోవాడి కాలికి కట్టాలి. ఈతకు గడువు గంటా పది నిమిషాలు. దాటితే ఆట అక్కడితో సరి. బావిలో మావాడికి యాభై నిమిషాలు పట్టేది.

యాభై అయింది. యాభై అయిదు. పక్క జట్ల సైకిళ్లు ఒకటొకటిగా వెళ్లిపోతున్నాయి. మా బ్యాంకు మిత్రుడు శిరస్త్రాణం పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. గంట దాటింది. చెరువుగట్టు మీద నిలబడి నీళ్ల వంక చూసిన ఆ సాయంత్రమే నా కళ్లకు కట్టింది. పిలిచింది అప్పుడూ నేనే, ఇప్పుడూ నేనే. ఆ నిమిషాల్లో నేను మొక్కిన మొక్కుల్ని ఉమామహేశ్వరుడు గుర్తుపెట్టుకుంటే నాకు జీవితమంతా తీర్చుకునే పనే.

గంటా ఆరు నిమిషాలకు వచ్చాడు. ఎగశ్వాసతో వంగి పట్టీ విప్పాడు. మెడ మీద ఎర్రగా గీరుకుపోయిన గాట్లు. ఏమిటని అడిగేలోగా "కట్టు, కట్టు" అని మిత్రుని తరిమాడు.

సైకిలు సంగతి చెప్పడానికి ఎక్కువ లేదు. మన్ననూరు ఘాటులో తేలినవాడికి గోవా ఎత్తుపల్లాలు లెక్కలేదు. మూడుగంటల నలభై నిమిషాలకు తిరిగొచ్చి పట్టీ నా కాలికి కట్టాడు. నేను బయలుదేరేసరికి మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉన్నది.

సముద్రపు ఎండ వేరు, మా ఎండ వేరు. మా ఎండ మాడుస్తుంది, అది ఉడకబెడుతుంది. తిరిగిన దారే మళ్లీ తిరగాలి గనుక ప్రతి చుట్టులోనూ ఒక కొబ్బరిబోండాల బండి ఎదురై నన్ను పరీక్షించింది. పద్నాలుగో కిలోమీటరు దగ్గర కాళ్లు కట్టెలయ్యాయి. సిగ్గు విడిచి నడిచాను. జేబులో ఖర్జూరం తిని, చక్కెర పడిపోలేదని నిర్ధారించుకుని, మళ్లీ ఉరికాను. నన్ను దాటిపోయినవారిలో డెబ్బయ్యేళ్లవారిని పోలిన పెద్దమనిషి ఒకరున్నారు. ఆయన వెనక్కు తిరిగి చెయ్యి ఊపారు కూడాను! పరుగు పూర్తి చేయడానికి మూడు గంటలకు అయిదు నిమిషాలు తక్కువ పట్టింది. చివరి మలుపులో మావాళ్లిద్దరూ కాచుకున్నారు. చెరోవైపు పట్టుకోగా ముగ్గురం కలిసి గీత దాటాం. మొత్తం పందానికి గడువు ఎనిమిదిన్నర గంటలు. మాకు ఎనిమిది గంటలు పట్టలేదు.

మెడ మీది గాట్ల సంగతి తిరుగుదారిలో, రాయచూరు దాటాక చీకట్లో బయటపడింది. ఈతలో సగం దూరాన ఎవరో కుర్రవాడు అలకు బెదిరి, ఊపిరాడక మావాడి మెడ పట్టుకున్నాడట. మావాడు అతన్ని వెల్లకిలా తిప్పి, తల కింద చెయ్యి పెట్టి, కాపలా పడవ వచ్చేదాకా పట్టుకుని ఉన్నాడట. పోయిన నిమిషాలు అవి.

"మరి మాకు అప్పుడే చెప్పలేదేమండీ!" అన్నాడు బ్యాంకు మిత్రుడు.

అతను కిటికీలోంచి బయటికి చూస్తూ కాసేపు ఊరుకున్నాడు. తరువాత నా వైపు తిరిగి, "ఇన్నేండ్లల్ల నేను పట్టుకున్నోళ్లే గాని, నన్ను పట్టుకున్నోడు లేడురా. గట్టిగ పట్టుకున్నడు" అన్నాడు. మెడ తడుముకున్నాడు. అచ్చంపేట వచ్చేదాకా మళ్లీ ఎవ్వరం ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు సెలవు రోజుల్లో అతని బావి దగ్గర సందడి. మొన్న వెళ్లేసరికి నీళ్లలో ఏడుగురు పిల్లలు, వీపులకు బెండ్లు. మెట్ల మీద నడుములోతు నీళ్లలో నిలబడి ఇతగాడు ఒక్కొక్కరి గడ్డం కింద చెయ్యి పెట్టి వదులుతున్నాడు. అందులో నా రెండోవాడూ ఉన్నాడు.

"నాన్నా, నువ్వు దిగవా?" అని అరిచాడు.

నా స్నేహితుడు నన్ను పైనుంచి కింది దాకా ఒకసారి కొలిచి చూసి, నాకు సరిపడే బెండు ఇంకా తయారు కావాలని చెప్పాడు.