బ్రైటన్ కొండమీది పాలరాతి ఛత్రి

ఇంగ్లండు దక్షిణ తీరంలోని బ్రైటన్ పట్టణానికి ఎగువన, పాచమ్ గ్రామం దాటిన తరువాత పచ్చిక మేట్లు మొదలవుతాయి. గొర్రెలు మేసే ఆ బయళ్ల నడుమ ఎనిమిది స్తంభాల మీద నిలిచిన ఒక తెల్లని గుమ్మటం కనిపిస్తుంది. అక్కడికి వాహనాలు పోయే బాట లేదు, కాలినడకనే చేరుకోవాలి. దాని పేరు ఛత్రి. అంటే గొడుగు. రాజపుత్రులు తమ వీరుల చితాస్థలాలపై నిర్మించే మంటపానికి ఉన్న పేరే ఆ ఆంగ్ల గ్రామసీమలోనూ నిలిచిపోయింది.

ఈ కథకు ఆరంభం మొదటి ప్రపంచ యుద్ధంలో ఉన్నది. ఫ్రాన్సు రణరంగంలో గాయపడిన భారతీయ సైనికులకు 1914 డిసెంబరు నుంచి 1916 ఆరంభం వరకు బ్రైటన్‌లో చికిత్స జరిగింది. ఒకప్పుడు నాలుగవ జార్జి విలాసమందిరమైన రాయల్ పెవిలియన్ కూడా ఆసుపత్రిగా మారింది. మొగలాయి గుమ్మటాలను అనుకరించి కట్టిన ఆ సౌధంలో పంజాబు, గఢ్వాలు పల్లెల నుంచి వచ్చిన సిపాయిలు మంచాలపై పడివుండడం చరిత్ర చేసిన చిత్రమైన పరిహాసం. వారి ఆచారాలకు భంగం కలగకుండా అక్కడ తొమ్మిది వంటశాలలు ఏర్పరచారు. హిందువులకు, ముస్లిములకు వేర్వేరు నీటి కుళాయిలు అమర్చారు. ఈ ఆదరణలో రాజకీయం లేకపోలేదు. ఆసుపత్రి వైభవాన్ని వర్ణించే పుస్తకాన్ని ఇంగ్లీషుతోపాటు గురుముఖి, ఉర్దూ లిపుల్లో అచ్చువేసి పంచిపెట్టడంలోని ఉద్దేశం సుస్పష్టమే. అయినా, చనిపోయినవారి విషయంలో చూపిన శ్రద్ధను కాదనలేము. మరణించిన హిందూ, సిక్కు సైనికులలో 53 మందికి ఈ కొండమీదనే దహనసంస్కారాలు జరిగాయి. చితాభస్మాన్ని సముద్రంలో కలిపారు. ముస్లిములను వోకింగ్‌లోని షాజహాన్ మసీదుకు చేరువనున్న హార్సెల్ మైదానంలో ఖననం చేశారు.

దహనస్థలంలో స్మారకం ఉండాలన్న ఆలోచన 1915లో భారత వైద్య సర్వీసుకు చెందిన దాస్ గుప్తా అనే యువ అధికారికి కలిగింది; నగరాధ్యక్షుడు జాన్ ఆటర్ దానిని తలకెత్తుకున్నాడు. బొంబాయికి చెందిన యువశిల్పి ఇ.సి. హెన్రిక్స్ రూపకల్పన చేయగా, జైపూరు ఆల్బర్టు హాలును నిర్మించిన సర్ స్విన్‌టన్ జేకబ్ మార్గదర్శకత్వం వహించాడు. సిసిలీ పాలరాతితో నిర్మించిన ఈ కట్టడం ఎత్తు 29 అడుగులు. చితులు పేర్చిన మూడు అరుగులను గ్రానైటు పలకలతో కప్పారు. 1921 ఫిబ్రవరి 1న వేల్స్ యువరాజు ఆవిష్కరించాడు.

ఆ తరువాత మరపు ఆవరించింది. కావలివాడు లేడు, రాకపోకలు సన్నగిల్లాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆ మేట్లను సైనిక శిక్షణకు తీసుకున్నప్పుడు, తుపాకి గుళ్లు ఆ పాలరాతినే గాయపరిచాయి. సైనికుల స్మృతికై నిలిపిన కట్టడానికి సైనికుల చేతనే ఆ గతి పట్టింది! యుద్ధం ముగిసిన పిదప బ్రిటిష్ యుద్ధశాఖ మరమ్మతులు చేయించింది.

అయితే రాతిని బాగుచేసినంత మాత్రాన జ్ఞాపకం బాగుపడదు. చక్రవర్తి పక్షాన పోరాడి మరణించినవారిని స్వతంత్ర భారతదేశం తనవారని చాటుకొనడానికి సంకోచించింది. సామ్రాజ్యాన్ని వదలుకున్న బ్రిటన్‌కు వారు దూరపు బంధువులైపోయారు. ఇరువైపులా వారసులు లేని ఆస్తి వంటిది ఈ ఛత్రి. 1951 నుంచి రాయల్ బ్రిటిష్ లీజియన్ అనే మాజీ సైనికుల సంస్థ ఏటా అక్కడికి యాత్ర నడిపింది. 1999తో అదికూడా ఆగిపోయింది.

అప్పుడు ముందుకు వచ్చినవాడు స్థానికుడైన ఒక సిక్కు ఉపాధ్యాయుడు. ఆయనా, ఆయనతో కలిసిన కొందరు స్వచ్ఛంద సేవకులూ 2000 నుంచి ఆ యాత్రను తిరిగి నిలబెట్టారు. ఛత్రి స్మారక బృందమని వారికి పేరు. కట్టడం నగరపాలక సంస్థది. దాని ఆలనాపాలన ఆ సంస్థ బాధ్యత. ఈ స్వచ్ఛంద సేవకులు చేసే పని వేరు: ఏటా జూన్ నెలలో ఒక ఆదివారం మనుష్యులు ఆ కొండ ఎక్కేటట్లు చూడడం. వినడానికి చిన్నదే. కాని ఆహ్వానాలు పంపాలి, నడవలేని వృద్ధులను పైకి చేర్చాలి, పలు మతాల ప్రార్థనలకు తావివ్వాలి. ఇంగ్లండు వానను కూడా లెక్కలో ఉంచుకోవాలి. సైనికాధికారులు, సిక్కులు, హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు, ఊరి కుటుంబాలు అక్కడ పక్కపక్కన నిలిచి మౌనం పాటిస్తారు. తాతముత్తాతల కాలపు యుద్ధంలో తమవారు కూడా ఉన్నారని ఆంగ్లదేశంలో పుట్టిన భారతీయ సంతతి పిల్లలు తెలుసుకునేది తరచుగా ఇటువంటి చోటనే.

వోకింగ్ ఖననభూమికీ ఇటువంటి దురవస్థే పట్టింది. దుండగుల చేష్టల వల్ల 1968లో అక్కడి సమాధులను బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానవాటికకు తరలించవలసి వచ్చింది. ఖాళీ ఆవరణ శిథిలమై, తిరిగి 2015లో శాంతివనంగా రూపుదాల్చింది.

ఛత్రి దగ్గర మరొక లోటు చాలాకాలం మిగిలివుండేది. స్మారకం మీద హిందీ, పంజాబీ, ఉర్దూ, ఇంగ్లీషు భాషలలో శాసనం ఉన్నది. చనిపోయినవారి పేరు ఒక్కటీ లేదు. యాత్రికులు పుష్పగుచ్ఛాలు ఉంచినది నామరహితులైన మృతులకే. 2010 సెప్టెంబరులో కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ ఛత్రికి సమీపంలోనే ఒక రాతి ఫలకాన్ని నిలిపింది. కట్టడం వెలసిన 89 ఏళ్లకు, 53 మంది పేర్లూ అక్కడ చదువుకొనడానికి వీలయింది.