బండికి బొట్టు పెడతాం, బాట సంగతో?



గుంటూరు నుంచి విజయవాడ బస్సెక్కిన వారెవరికైనా పెదకాకాని తెలిసే ఉంటుంది. భ్రమరాంబా మల్లేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు. మన వైపు కొత్త బండి కొంటే, అది స్కూటరు కానివ్వండి, కారు కానివ్వండి, ట్రాక్టరు కానివ్వండి, ముందు కాకాని తీసుకెళ్ళి పూజ చేయించడం చాలా ఇళ్ళలో ఆనవాయితీ. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బంతిపూల దండ వేసి, కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తారు. ఆ నిమ్మకాయ చిట్లిందాకా ఇల్లాలి ప్రాణం కుదుటపడదు. అదంతా చాదస్తమని కొట్టిపారెయ్యడానికి నేనీ మాటలు చెప్పడం లేదు. ఆ గుడి ముందు నిలబడిన తల్లి మనసులో ఉన్న కోరిక ఒక్కటే. బండెక్కి వెళ్ళినవాళ్ళు క్షేమంగా తిరిగి రావాలి. అదే కోరికతో మరో దేశపు తల్లులు ఏం చేశారో ఇవాళ చెప్పుకుందాం.

ఆ దేశం నెదర్లాండ్స్. మనం హాలండ్ అని పిలుచుకునేది. వాళ్ళు మనకు మరీ కొత్తవాళ్ళేం కాదు లెండి. 1605లో బందరులోనూ, 1606లో మన నిజాంపట్నంలోనూ వర్తకశాలలు పెట్టి, బట్టలు కొని ఓడలకెత్తుకుపోయిన డచ్చివారు వీళ్ళే. మన పెద్దలు వలందులు అనేవారు. బందరులో వలందపాలెం ఈనాటికీ ఉంది. ఇప్పుడు ప్రయాణం ఇటునుంచి అటు సాగుతోంది. మన పిల్లలు కంప్యూటరు ఉద్యోగాలకని ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టెల్వీన్‌లోనూ, ఐండ్‌హోవెన్‌లోనూ కాపురాలు పెట్టారు. కూతురి పురిటికో, మనవడి పుట్టినరోజుకో వెళ్ళిన తల్లులకు అక్కడ మొదట కనపడే వింత సైకిళ్ళు.

మన దగ్గర సైకిలంటే ఏమిటి? నిచ్చెనలో అడుగు మెట్టు. సైకిలు పోయి మోపెడ్డు, మోపెడ్డు పోయి స్కూటరు, స్కూటరు పోయి కారు. పెళ్ళిచూపులకు అబ్బాయి సైకిలు మీద వస్తే ఏమనుకుంటామో మనకు తెలియదూ? 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద నూటికి నలభై అయిదు ఇళ్ళలో సైకిలు ఉంది, కారు ఉన్నవి అయిదిళ్ళు కూడా లేవు. అయినా ఊళ్ళో రోడ్డు వేసేటప్పుడు మాత్రం ఆ అయిదిళ్ళనే తలచుకుని వేస్తాం.

అక్కడ సుమారు కోటీ ఎనభై లక్షల జనానికి రెండు కోట్ల పైన సైకిళ్ళు ఉన్నాయి. పెద్ద ఆఫీసరు, పాలుపోసే అబ్బాయి, కాలేజీ పంతులమ్మ, డెబ్భయ్యేళ్ళ మామ్మ, అందరూ తొక్కేది అదే. వాళ్ళేమీ బీదవాళ్ళు కారు. చాలా ఇళ్ళ ముందు కార్లున్నాయి, దూరాభారాలకు వాడుకుంటారు. కూరలకీ, బడికీ, రైలుస్టేషనుకీ సైకిలే. ఉట్రెక్ట్ అనే ఊళ్ళో రైలుస్టేషను కింద 2019 నాటికి పూర్తిచేసిన సైకిళ్ళ స్టాండులో పన్నెండువేల అయిదువందల సైకిళ్ళు పడతాయి. ఇంతా చేసి సైకిలుకి అక్కడ మర్యాద ఏమీ ఉండదు. తుప్పు పట్టి వానలో తడుస్తూ ఉంటుంది. ఆమ్‌స్టర్‌డామ్ కాలవల్లోంచి ఏటా పన్నెండువేలకు తక్కువ కాకుండా పాత సైకిళ్ళు పైకి తీస్తారట! ఆయుధపూజ నాడు సైకిలుకి కూడా బొట్టుపెట్టే మనకి ఇది కొంచెం కష్టంగానే ఉంటుంది.

అమెరికా వెళ్ళొచ్చిన మీ వదినగారినో, పిన్నిగారినో అడగండి. అదింకో పద్ధతి. కారు లేనిదే కొత్తిమీర కట్ట కూడా ఇంటికి రాదు. చాలా ఊళ్ళలో కాలిబాటే ఉండదు. కొడుకూ కోడలూ ఆఫీసుకి వెళితే, వాళ్ళొచ్చేదాకా అత్తగారు గాజుతలుపు దగ్గర కూర్చోవాల్సిందే. హాలండ్ వెళ్ళిన అమ్మమ్మ అలా కాదు. చీర కొంగు బిగించి, మనవడిని తోపుడుబండిలో పడుకోబెట్టుకుని నడుచుకుంటూ పార్కుకి వెళ్ళివస్తుంది.

అక్కడి రోడ్డు కట్టుబాటు ఎలాంటిదో కాస్త వివరంగా చెబుతాను. పెద్ద రోడ్డు పక్కన సైకిళ్ళకి విడిగా ఎర్రటి తారుబాట ఉంటుంది. చాలా కూడళ్ళలో సైకిళ్ళకి దీపాలు కూడా వేరే. సైకిలుకి ముందొక దీపం, వెనకొక ఎర్ర దీపం లేకుండా చీకట్లో వెళితే జరిమానా. వెనక చక్రానికి రెండు వైపులా రేకులాంటి అడ్డు బిగిస్తారు, పావడాలు, కోట్లు చువ్వల్లో పడకుండా. పిల్లల కోసం ముందొక చిన్న సీటు, వెనకొక సీటు. ఇద్దరు ముగ్గురు పిల్లలున్న తల్లులు ముందువైపు పెద్ద చెక్కపెట్టె ఉన్న సైకిలు తొక్కుతారు. దాన్ని బాక్‌ఫీట్స్ అంటారు. పిల్లలూ, కూరల సంచీ అందులోనే. బడిలో పన్నెండేళ్ళు వచ్చేసరికి పిల్లలకి రోడ్డు పరీక్ష పెడతారు. కాగితం మీద రాసే పరీక్ష ఒకటి, నిజంగా ఊరి రోడ్ల మీద తొక్కి చూపించే పరీక్ష ఒకటి. ఇక కారు పోయి సైకిలు మీదున్న పధ్నాలుగేళ్ళలోపు పిల్లవాడికి తగిలిందా, నష్టపరిహారం భారం దాదాపు ఎప్పుడూ కారువాడిదే. పిల్లవాడు అడ్డం వచ్చాడండీ అంటే చెల్లదు.

‘వాళ్ళ ఊళ్ళు అలా కట్టుకున్నారు, మనకెక్కడ కుదురుతుంది’ అంటారేమో. అసలు కథ ఇక్కడే ఉంది. వాళ్ళ ఊళ్ళు మొదట్నించీ ఇలా లేవు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత చేతిలో డబ్బాడి అందరూ కార్లు కొన్నారు. కార్ల కోసం వీధులు వెడల్పు చేశారు, ఇళ్ళు కూలగొట్టారు, చిన్న చిన్న మైదానాలను కార్లు నిలిపే స్థలాలు చేశారు. 1971లో ఆ చిన్న దేశంలో రోడ్డు ప్రమాదాల్లో సుమారు 3,300 మంది చనిపోయారు. వారిలో నాలుగువందల మందికి పైగా పిల్లలు.

ఆ పిల్లల్లో ఒకతె విక్ లాంగెన్‌హాఫ్ అనే పత్రికా రచయిత కూతురు. ఆయన 1972లో ఒక వ్యాసం రాశాడు. ‘పిల్లల హత్యలు ఆపండి’ అని శీర్షిక పెట్టాడు. ప్రమాదం అనలేదు చూడండి, హత్య అన్నాడు. ఆ పేరుతోనే ఒక సంఘం పుట్టింది. దానికి మొదటి అధ్యక్షురాలు మార్టియ వాన్ పుటెన్ అనే పడుచు తల్లి. తర్వాత రోజుల్లో ఆవిడ యూరోపియన్ పార్లమెంటు సభ్యురాలు కూడా అయింది. ఆ తల్లులు ఏం చేశారనుకున్నారు? పిల్లల్ని తీసుకొచ్చి వీధికి అడ్డంగా బల్లలు వేసి, ఆడుకోమన్నారు. కార్లు ఆగిపోయాయి. సైకిళ్ళ మీద గుంపుగా ప్రధానమంత్రి యోప్ డెన్ ఆయిల్ ఇంటికి వెళ్ళి గుమ్మం ముందు పాటలు పాడారు. ఆయన బయటికొచ్చి వాళ్ళ గోడు విన్నాడు.

ఇంతలో 1973లో అరబ్బు దేశాలు చమురు ఆపేశాయి. పెట్రోలు ఆదా కోసం నవంబరు 4 మొదలుకొని ఆదివారాలు కార్లు బయటికి తీయరాదని ప్రభుత్వం ఆజ్ఞ వేసింది. ఖాళీ రాజబాటల మీద పిల్లలు చక్రాల బూట్లు కట్టుకుని తిరిగారు. వీధి ఇలా కూడా ఉండొచ్చునా అని జనానికి తోచింది. 1976లో ‘వూనెర్ఫ్’ అనే కొత్తరకం వీధికి చట్టం వచ్చింది. అంటే కాపురాల వీధి అన్నమాట. అక్కడ కారు మనిషి నడకవేగంతో పోవాలి, వీధంతా నడిచేవాళ్ళదీ, ఆడుకునే పిల్లలదీ. ఇలా ఒక్కొక్క వీధీ మారుతూ వచ్చి, 2010లో రోడ్డు మీద చనిపోయిన పిల్లలు పద్నాలుగు మంది. నాలుగువందలెక్కడ, పద్నాలుగెక్కడ! ఆ పద్నాలుగు ఇళ్ళలో దుఃఖం తక్కువని కాదు సుమా.

మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో పోయినవారు 1,68,491 మంది. వారిలో దగ్గర దగ్గర సగంమంది రెండుచక్రాల బండ్ల మీద వెళుతున్నవారే.

మే నెలలో గుంటూరు ఎండలో సైకిలు తొక్కమని మిమ్మల్ని అడగను. హాలండ్ నేలా, మన నేలా రెండూ బల్లపరుపే గాని, వాళ్ళ ఎండ మన శీతాకాలపు ఎండ. అయితే ఆడవాళ్ళకి సైకిలు కుదరదనే మాట మాత్రం నమ్మకండి. పక్కనే తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1990ల మొదట్లో అక్షరాలు నేర్పుతూ, కలెక్టరు షీలారాణి చుంకత్ గారి చొరవతో సైకిలు కూడా నేర్పారు. లక్షమందికి పైగా పల్లెటూరి స్త్రీలు నేర్చుకున్నారు. ఆడవాళ్ళ సైకిళ్ళు చాలక మగవాళ్ళవే కొన్నారు. కొందరైతే అవే నయమన్నారట, ముందు కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చని! చిన్నప్పుడు ఆ కడ్డీ కిందనుంచి కాలు దూర్చి తొక్కినవాళ్ళు మనలోనూ ఉన్నారు కదూ?

సరే, మన చేతిలో ఉన్నవి చూద్దాం. స్కూటరు వెనక కూర్చునేవారు ముందు చక్రం వైపు చూడండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం మోటారు సైకిలుకి వెనక చక్రం సగమైనా కప్పే అడ్డు, పట్టుకోవడానికి పిడి, కాళ్ళు పెట్టుకునే మెట్టు ఉండి తీరాలి. అందంగా లేదని మన మగపిల్లలు ఆ అడ్డు ఊడదీయిస్తుంటారు. ఊడదీయనివ్వకండి. కొంగుగానీ చున్నీగానీ చుట్టి ఒళ్ళో పెట్టుకోండి. వెనక కూర్చున్నవారికీ హెల్మెట్టు చట్టమే. నాలుగేళ్ళలోపు పిల్లల్ని ఎక్కించుకుంటే నడిపేవారికి కట్టే బెల్టు, చిన్న హెల్మెట్టు ఉండాలనీ, గంటకి నలభై కిలోమీటర్లు మించరాదనీ 2022లో నిబంధన చేశారు. మన ఊళ్ళో అమలయ్యేది తక్కువే, కానీ అమలు చేయడానికి పోలీసు అక్కర్లేదు, అమ్మ చాలు.

ట్యూషనుకి ఆలస్యమవుతోందని తొమ్మిదో తరగతి పిల్లవాడికి స్కూటరు తాళం ఇస్తుంటాం. మామూలు పెట్రోలు స్కూటరు నడపాలంటే పద్దెనిమిదేళ్ళు నిండాలి. 2019లో సవరించిన చట్టం ప్రకారం పిల్లవాడు నేరం చేస్తే శిక్ష తల్లిదండ్రులకో, బండి యజమానికో. మూడేళ్ళ దాకా జైలు, ఇరవై అయిదువేల జరిమానా. ఆ పిల్లవాడికి సైకిలు కొనిపెడితే సగం ఖర్చు కూడా కాదు.

డచ్చివాళ్ళ అలవాటొకటి ఉంది, పైసా ఖర్చు లేనిది. కారు తలుపు దూరపు చేత్తో తీస్తారు. కుడివైపు కూర్చున్నవారు ఎడమచేత్తో తీసి చూడండి. ఒళ్ళు దానంతటదే తిరిగి, వెనకనుంచి వచ్చే సైకిలు కంటపడుతుంది.

ఇక వీధి మాట. మీ పిల్లల బడి ముందు గీతలు చెరిగిపోయాయా, వేగం తగ్గించే మిట్ట లేదా, కాలిబాట మీద బండ్లు నిలుపుతున్నారా? నలుగురు తల్లులు ఒక వారం పాటు బడి వదిలే వేళ నిలబడి, ఎందరు పిల్లలు ఏ మలుపు దగ్గర రోడ్డు దాటుతున్నారో లెక్కపెట్టండి. ఆ లెక్కతో అర్జీ రాయండి. బడి పేరు, వీధి పేరు, వేళ, పిల్లల సంఖ్య, కావలసింది ఏమిటో ఒక్క వాక్యంలో. కింద ఇరవై ముప్ఫై సంతకాలు. ఒక ప్రతి మునిసిపల్ ఆఫీసులోనూ, ఒక ప్రతి సోమవారం నాడు కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకునేచోటా ఇచ్చి రసీదు తీసుకోండి. రసీదు మాత్రం మరిచిపోవద్దు, రెండోసారి వెళ్ళినప్పుడు అడిగేది దాన్నే.