జింక కళ్లు కప్పడం కష్టమే!

పగలు కాపాడే చూపే.. రాత్రి ప్రాణం తీస్తోంది

మధుగిరి: పొద్దున్నే మైదనహళ్లి బీడులో అడుగుపెట్టి చూడండి. మీరు జింకల్ని చూసేలోపే అవి మిమ్మల్ని చూసేసి ఉంటాయి. తలలెత్తి ఒక్క క్షణం నిలబడతాయి. ఇంకో రెండడుగులు వేశారా.. మందలో ఒకటి గాల్లోకి ఎగురుతుంది. అంతే! మందంతా పరుగో పరుగు.

తుమకూరు జిల్లా మధుగిరి తాలూకాలో, ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న జయమంగలి కృష్ణజింకల సంరక్షణ ప్రాంతమిది. సుమారు 800 ఎకరాల గడ్డి బీడు. 2007లో దీన్ని సంరక్షణ ప్రాంతంగా ప్రకటించారు. గట్టు దాటితే హిందూపురం వైపు పొలాలు. అటు ఆంధ్రకు రాష్ట్ర జంతువు కూడా కృష్ణజింకే.

మేక కన్ను చూస్తే చాలు

జింక చూపు సంగతి తెలుసుకోవాలంటే మీ దొడ్లో మేక కన్ను చూడండి. కంటిపాప మనలా గుండ్రంగా ఉండదు, అడ్డంగా సాగి ఉంటుంది. కృష్ణజింక కూడా మేకలు, పశువుల చుట్టమే. కళ్లు తలకు రెండు పక్కలా ఉండటంతో వెనక కొద్ది భాగం తప్ప చుట్టూ కనిపిస్తుంది. మేక తల వంచి మేస్తున్నా కన్ను గుంతలోనే తిరిగి, పాప నేలకు సమంగా నిలుస్తుందని 2015లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. మేత మేతే, కాపలా కాపలే!

అలాగని జింకకు మనకన్నా చూపు ఎక్కువని కాదు. దూరంలో నిలబడ్డ మనిషి దానికి కొంచెం మసగ్గానే కనిపిస్తాడు. కదలకుండా ఉంటే చెట్టు మొద్దు అనుకున్నా అనుకుంటుంది. చెయ్యి కదిలిందా.. దొరికిపోయినట్లే. కదలికను పసిగట్టడంలో ఆ కన్ను దిట్ట.

రంగుల లెక్క వేరు

అమెరికాలో తెల్లతోక జింకల కళ్లను పరీక్షించిన ఫలితాలు 1994లో వచ్చాయి. మన కంట్లో రంగుల్ని గుర్తించే కణాలు మూడు రకాలుంటే వాటికి రెండే. ఎరుపు, నారింజ రంగులను ఆకుపచ్చ నుంచి విడదీయలేవు. నీలం మాత్రం బాగా తెలుస్తుంది. అందుకే అక్కడి వేటగాళ్లు ఒకరికొకరు కనిపించేలా నారింజ కోటు వేసుకున్నా జింక బెదరదు. నీలం జీన్సు ప్యాంటు అయితే తేడా కనిపెట్టేస్తుంది.

లైటు పడితే..

ఇంత చురుకైన కన్నుకూ ఓ బలహీనత ఉంది. లోపల అద్దంలాంటి పొర ఉంటుంది. మసక వెలుతురులోనూ చూసేందుకు అదే సాయం. చీకట్లో జీపు మీంచి సెర్చిలైటు వేస్తే ఆ పొరే మెరిసి, జింక ఎక్కడుందో దూరం నుంచే పట్టిస్తుంది. చీకటికి అలవాటుపడ్డ కన్ను ఒక్కసారిగా జిగేల్‌మనడంతో జింక ఎటూ తోచక నిలబడిపోతుంది. వేటగాడికి కావాల్సిందీ అదే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్న జంతువిది. వేటాడితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకు జైలు. కనీస జరిమానాను 2022 సవరణలో రూ.25 వేలకు పెంచారు. సరిహద్దుకు ఇటైనా అటైనా చట్టం ఒక్కటే.

రాత్రిపూట బీడులో లైటు తిప్పుతూ జీపు కనిపిస్తే ఎదురెళ్లొద్దు. వెంటనే అటవీ సిబ్బందికి కబురు చేయండి. పగలు జింకకు దాని కళ్లే కాపలా. రాత్రి మాత్రం ఊరి కళ్లే దిక్కు.