ఎర్ర నక్షత్రం పక్కన క్యాబేజీ వాసన!

వంటింట్లో క్యాబేజీ ఉడుకుతుంటే ఆ వాసన వీధి గుమ్మం దాకా వస్తుంది. మక్కకంకులు ఉడకబెట్టినా ఇంచుమించు అలాంటి వాసనే. ఆ వాసన తెచ్చే వాయువుల్లో ఒకదాని పేరు డైమిథైల్ సల్ఫైడ్. పలకడానికి నోరు తిరగకపోయినా మన ముక్కుకు మాత్రం పాత చుట్టమే!

2025 ఏప్రిల్‌లో ఈ వాయువు పేరు ప్రపంచమంతా మారుమోగింది. మనకు 124 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న ‘కె2-18 బి’ అనే గ్రహం మీది గాలిలో దీని జాడ కనిపించిందని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ప్రకటించారు. ఆ బృందానికి పెద్ద మన దేశం నుంచి వెళ్లినవారే. ఆయన పేరు ప్రొఫెసర్ నిక్కు మధుసూదన్. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివి, అమెరికాలో డాక్టరేట్ చేసి, కేంబ్రిడ్జిలో స్థిరపడ్డారు.

టీవీలో ఈ వార్త రాగానే మా వాడకట్టులో “అక్కా, అక్కడ మనుషులున్నరంట గదా!” అన్నవాళ్లే ఎక్కువ. మనుషులున్నారని శాస్త్రవేత్తలెవరూ అనలేదు. మరి ఏమన్నారు? నిదానంగా చూద్దాం.

బొగ్గుల పొయ్యి లాంటి సూర్యుడు

ఈ గ్రహం తిరిగేది మన సూర్యుడి చుట్టూ కాదు, ఒక ఎర్ర మరుగుజ్జు నక్షత్రం చుట్టూ. ఎర్ర మరుగుజ్జు అంటే చిన్నగా, చల్లగా, ఎర్రగా వెలిగే నక్షత్రం. చల్లగా అంటే మన లెక్కలో చల్లన కాదు సుమా! మన సూర్యుడి పైభాగం వేడి సుమారు 5,500 డిగ్రీలైతే, దీనిది 3,200 డిగ్రీల దగ్గర.

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వైపు బొగ్గు పొయ్యి మీద వండిన అక్కలకు ఇది ఇట్టే అర్థమవుతుంది. కట్టెల మంట భగ్గున లేచి తొందరగా ఆరిపోతుంది. బొగ్గు కణికలు సన్నగా ఎర్రగా చాలాసేపు ఉంటాయి. ఎర్ర మరుగుజ్జులూ అంతే. మన సూర్యుడి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కాలం వెలుగుతాయి.

సన్నటి సెగ మీద గిన్నె కాగాలంటే దగ్గరగా పెట్టాలి కదా! భూమి సూర్యుడికి 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఈ గ్రహం తన నక్షత్రానికి రెండు కోట్ల కిలోమీటర్లకు కొంచెం పైన ఉంది. ఒక్క చుట్టు తిరిగి రావడానికి 33 రోజులే పడుతుంది. అంటే అక్కడ ఏడాది మన నెల కంటే కాస్త ఎక్కువ! అయినా దాని మీద పడే వేడి భూమికి అందేదానితో ఇంచుమించు సమానం. మరీ కాలిపోకుండా, మరీ గడ్డకట్టకుండా నీరు నీరుగా ఉండే అవకాశం ఉన్న చోటన్నమాట. భూమి కంటే రెండున్నర రెట్లకు పైగా పెద్దది, ఎనిమిదిన్నర రెట్ల బరువు.

ఇంత దూరం నుంచి వాసన ఎలా పట్టారు?

2015లో కెప్లర్ అనే అంతరిక్ష దూరదర్శిని ద్వారా ఈ గ్రహం బయటపడింది. ప్రతి 33 రోజులకోసారి ఇది నక్షత్రానికి అడ్డం వస్తుంది. అప్పుడు నక్షత్రం వెలుగు కాస్త తగ్గుతుంది. అదే సమయంలో కొంత వెలుగు గ్రహం చుట్టూ ఉన్న గాలిలోంచి దూరి ఇవతలికి వస్తుంది. జల్లెడలో సన్నపిండి దిగి రవ్వ ఆగిపోయినట్టు, ఒక్కో వాయువు వెలుగులోని కొన్ని రంగులను ఆపేస్తుంది. ఏ రంగులు తగ్గాయో చూస్తే ఏ వాయువు ఉందో తెలుస్తుంది.

2021 డిసెంబర్ 25న ఆకాశానికెగిరిన జేమ్స్ వెబ్ దూరదర్శిని ఈ పనే చేసింది. అది 2024లో పట్టుకున్న వెలుగు ఆ నక్షత్రం నుంచి బయలుదేరింది 1900 ప్రాంతంలో! అప్పటికి మన కరీంనగర్ జిల్లా పేరు ఎలగందుల జిల్లా. హైదరాబాదులో నవాబు జాఫర్ జంగ్ నిజామియా వేధశాలకు శ్రీకారం చుట్టిన రోజులవి.

పొగ కనిపిస్తే పొయ్యి ఉన్నట్టేనా?

భూమి మీద డైమిథైల్ సల్ఫైడ్ ఎక్కువగా సముద్రంలోని సూక్ష్మమైన నాచు జీవుల నుంచే వస్తుంది. అందుకే అంత ఆశ. ఆ గ్రహం మీద హైడ్రోజన్ గాలి కింద మహాసముద్రం ఉండవచ్చని మధుసూదన్ బృందం ఊహ. అలా ఉంటే, మొదట కనిపించేది నాచు లాంటి జీవమే కానీ మనుషులు కాదు.

అయితే ఇక్కడ మూడు చిక్కులున్నాయి. మొదటిది, ఆ జాడ యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం వెయ్యికి మూడు అని వాళ్లే చెప్పారు. మనకు ఇది చాలనిపిస్తుంది కానీ, శాస్త్రంలో ఒప్పుకోవాలంటే ఆ అవకాశం పది లక్షలకు ఒకటి కంటే తక్కువ ఉండాలి. రెండోది, అవే లెక్కలను మళ్లీ చూసిన ఇతర శాస్త్రవేత్తలకు ఆ జాడ గట్టిగా కనిపించలేదు. మూడోది, 2024లో ఒక తోకచుక్కలోనూ ఈ వాయువు ఉన్నట్టు తేలింది. తోకచుక్కలో నాచు పెరగదు కదా! అసలు అక్కడ సముద్రమే లేదు, కరిగిన రాయి ఉండవచ్చు అనేవారూ ఉన్నారు.

ఈ గ్రహం విషయంలో ఇలా జరగడం కొత్త కాదు. 2019లో హబుల్ దూరదర్శినితో చూసి నీటి ఆవిరి ఉందన్నారు. 2023లో వెబ్ చూస్తే అది చాలావరకు మీథేన్ జాడ అని తేలింది. మీథేన్, కార్బన్ డయాక్సైడ్ ఉన్నాయన్న మాట మాత్రం గట్టిగా నిలబడింది.

దీనివల్ల మనకేంటి?

ఆకాశంలోని ప్రతి నాలుగు నక్షత్రాల్లో దాదాపు మూడు ఎర్ర మరుగుజ్జులే. వాటి దగ్గర జీవం నిలవగలిగితే విశ్వమంతా ఇళ్లే! కానీ ఈ నక్షత్రాలు అప్పుడప్పుడు నిప్పులు కక్కుతాయి. దగ్గర తిరిగే గ్రహాల్లో చాలావాటికి ఒక పక్క ఎప్పుడూ పగలు, రెండో పక్క ఎప్పుడూ రాత్రి. అలాంటి చోట జీవం బతుకుతుందా అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు వెతికేవాళ్లలో రేపు మన ఆడపిల్లలూ ఉండవచ్చు.

అందుకే ఎండాకాలం రాత్రి డాబా మీద పక్కలు వేసుకున్నప్పుడు పిల్లలకు సింహరాశిని చూపించండి. కొడవలి ఆకారంలో చుక్కలుంటాయి. పిడి చివర తెల్లగా మెరిసేది మఖ నక్షత్రం. మనం చెప్పుకున్న ఎర్ర మరుగుజ్జు ఆ రాశిలోనే ఉంది కానీ మామూలు కంటికి కనిపించదు. “అక్కడ ఎవరైనా ఉన్నారా?” అని పిల్లలు అడిగితే “ఉన్నారు” అనొద్దు, “లేరు” అనొద్దు. “చూస్తున్నారు బిడ్డా, పెద్దయ్యాక నువ్వూ చూడు” అనండి.