పార్శ్వనొప్పి వచ్చేది వాచీకి ముందే తెలుస్తుందా?

"మా తమ్ముడు పటాన్‌చెరు నుంచి స్మార్ట్‌వాచ్ తెచ్చిండు. పార్శ్వనొప్పి వచ్చేది ముందే చెప్తదంటడు. నిజమేనా?" అని కంగ్టి పాఠకురాలు ఒకరు అడిగారు.

ఇప్పటికైతే నమ్మకంగా చెప్పలేదు. అయినా ఆ ఆశ ఉత్తదేం కాదు. తల పగిలిపోయేలా నొప్పి రావడానికి గంటల ముందే, కొందరికి ఒకటి రెండు రోజుల ముందే, ఆవలింతలు, మెడ పట్టేయడం, ఊరికే చిరాకు మొదలవుతాయి. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో అప్పటికే మార్పు వచ్చి ఉంటుంది. నిద్ర, ఆకలి, ఒంటి వేడి దాని పెత్తనంలోనివే. ఆ తేడా మణికట్టు దాకా వస్తే పట్టుకోవచ్చు కదా అన్నది పరిశోధకుల ఆలోచన.

వాచీని తిప్పి చూడండి, అడుగున పచ్చటి వెలుగు మిణుకుతుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం పెరిగి ఆ వెలుగును ఎక్కువ పీల్చుకుంటుంది. తిరిగొచ్చిన వెలుగును బట్టి నాడి లెక్క, కదలికలను బట్టి నిద్ర లెక్క. నొప్పిని కొలిచేది అందులో ఏదీ లేదు! పైగా పత్తి ఏరుతుంటే చెయ్యి ఒక్కచోట ఉండదు, ఎండకు నాడి ఎలాగూ పెరుగుతుంది. అందుకే రాత్రి నిద్రలో తీసిన లెక్కే కాస్త మేలు.

నార్వేలో 18 మంది డైరీలనూ, గుండె వేగం, వేలి వేడి, కండరాల బిగువు కొలతలనూ కలిపి కంప్యూటర్‌తో జోస్యం చెప్పించారు. 2023లో అచ్చయిన ఆ ఫలితంలో వచ్చిన మార్కు 0.62. బొమ్మాబొరుసు వేస్తే 0.5 వస్తుంది, తప్పులేని జోస్యానికి 1. ఎంత దూరం నడవాలో చూడండి.

మరి ముందే తెలిస్తే లాభమేమిటి? నొప్పి ముదరకముందు వేసిన మందు బాగా పనిచేస్తుంది. కాకపోతే వాచీ మోగినప్పుడల్లా గోళీ మింగితే చిక్కే. మామూలు నొప్పి గోళీలు నెలకు 15 రోజులు, పార్శ్వనొప్పికే ఇచ్చే ట్రిప్టాన్ గోళీలు 10 రోజులు వాడుతూ పోతే అవే తలనొప్పి తెస్తాయి.

వాచీ ఉంటే రాత్రిళ్లు పెట్టుకోండి. గోడ క్యాలెండర్ మీద నొప్పి వచ్చిన రోజు, గోళీ వేసిన రోజు, నెలసరి, ఉపవాసం, నిద్ర చాలని రాత్రి గుర్తు పెట్టండి. మూడు నెలలయ్యాక రెండూ డాక్టరుకు చూపించండి. నా మటుకు నేను ఇప్పటికి క్యాలెండర్‌నే ఎక్కువ నమ్ముతాను.

ఎన్నడూ లేనంత నొప్పి ఒక్కసారిగా వచ్చినా, మాట తడబడినా, కాలో చెయ్యో పడిపోయినా వాచీ వంక చూడొద్దు. వెంటనే 108కు ఫోన్ చేసి నారాయణఖేడ్ ఏరియా ఆసుపత్రికి బయల్దేరండి.